రోజా అక్క పలకని పున్నమి

కటునాయక పట్టణంలో కర్మాగారాల వెనుక ఉన్న మా వీధిలో, అద్దె గదుల వరుసలోని చివరి గది హేమకాంతిది. ఆ గదిలో దిగిన నాటికి ఆమె చొక్కాల కాలర్లు కుట్టే చిన్నపిల్ల. చూపు మందగించి మిషను విడిచిపెట్టే నాటికి ఆ వరుసలోని ఆడపిల్లలందరికీ పెద్దక్క. వివాహం చేసుకోలేదు. తెల్లవారుజామున ఆకుగంజి కాచి, పనికి పోయే పిల్లలకు అమ్మి జీవనం గడుపుతున్నది.

ఇది అందరూ ఎరిగిన హేమకాంతి. ఎవరూ ఎరుగని హేమకాంతి పేరు రోజా అక్క.

మహిళా సంఘమొకటి యువతుల కొరకు ఫోనులో పాఠాలు నడుపుతున్నది. గర్భం ఎట్లు వస్తుంది, రాకుండా ఏ సాధనాలున్నాయి, ఎక్కడ లభిస్తాయి అనే సంగతులు చిన్న చిన్న వీడియోలుగా వస్తాయి. చూసినవారు పేరు చెప్పకుండా ప్రశ్న పంపవచ్చు. జవాబిచ్చేవారు సైతం అసలు పేరు బయటపెట్టరాదని నియమం. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త మా వీధికి వస్తుంది గాని, పెళ్ళయినవారి గడప మాత్రమే తొక్కుతుంది. పెళ్ళికాని పిల్లలకు అటువంటి ప్రశ్నలు ఉండవని అందరి నమ్మకం. ఆ నమ్మకం మూలంగానే హేమకాంతి పడుచుతనంలో ఒక సన్యాసినుల మఠంలో ప్రసవించి, బిడ్డ ముఖం చూడకుండానే తిరిగి వచ్చింది. సంఘం వారు రోజా అక్క పేరుతో జవాబులు రాయమని అడిగినప్పుడు ఆమె వెంటనే ఒప్పుకొనుటకు కారణం అదేనని చాలాకాలం తరువాత నాతో చెప్పింది.

"అక్కా, అనాసపండు తెగ తింటే కడుపు పోతుందట, నిజమేనా?" అని ఒక పిల్ల అడిగేది.

"కడుపు పోదు తల్లీ, కడుపునొప్పి వస్తుంది. పండు పక్కనపెట్టి క్లినిక్‌కి పో. అక్కడ నిన్నెవరూ కొరకరు" అని రోజా అక్క రాసేది.

హేమకాంతి పక్క గదిలో సెవ్వంది అనే అమ్మాయి ఉండేది. సియంబలాండువ వైపు పల్లెటూరిది. పగలు గుండీలు కుట్టి, సెలవుదినాలలో చదువుకొని, నర్సు శిక్షణకు ఎంపికైంది. గర్భవతులను ఆ శిక్షణలో చేర్చుకోరు. చేరవలసిన గడువు ఇంకా రాకముందే వరుసలోని వారందరూ ఆమెను నర్సమ్మను పిలిచినట్లు "మిస్సీ" అని పిలవసాగారు.

"మిస్సీ, కాస్త నా నాడి చూడవే. జీతం ముందురోజు ఆగిపోతోంది" అని ఒకతె చేయి చాచేది.

"నాడి బాగానే ఉంది, నీ నోటికే మందు లేదు" అని సెవ్వంది నవ్వేది.

జ్యేష్ఠమాసపు పొసోన్ పున్నమి వచ్చింది. పున్నమినాడు ఎనిమిది నియమాల అష్టశీలం పుచ్చుకొని, మరునాటి ఉదయం వరకు బౌద్ధ విహారంలో గడపడం హేమకాంతి తప్పని ఆచారం. లౌకిక విషయాలు దరిచేరకూడదని ఫోను ఆపి, బియ్యపు డబ్బాలో పెట్టి, తెల్లచీర కట్టుకొని బయలుదేరబోతుండగా గుమ్మంలో సెవ్వంది కనిపించింది.

"ఏమ్మా మిస్సీ, నువ్వూ వస్తావా?"

"లేదక్కా. ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చిన మొహమా అది? ఏదో చెప్పాలని వచ్చావు."

సెవ్వంది ఆ తెల్లచీర వంక చూసింది. "ఇప్పుడొద్దులే అక్కా. శీలం పట్టబోయేవాళ్ళ చెవిన వేసే మాట కాదు. రేపు చెబుతా." వంగి పాదాలకు మొక్కి, "పుణ్యంలో నాకూ కాస్త పెట్టు" అన్నది.

"పెట్టకపోతే రేపు నాకు సూది గట్టిగా పొడుస్తావుగా" అని హేమకాంతి నవ్వి వెళ్ళిపోయింది.

మరునాడు ఇంటికి వచ్చి ఫోను తెరిచేసరికి, క్రితంరోజు ఉదయం వచ్చిన ప్రశ్న ఒకటి ఎదురుచూస్తున్నది. "అక్కా, జాగ్రత్త పడలేదు. ఇవాళ్టితో మూడో రోజు. మాత్ర వేసుకోడానికి ఇంకా వేళ ఉందా? ఏ షాపులో అడగాలి? ఇక్కడందరూ తెలిసినవాళ్ళే." సాయంత్రం మరొకటి: "ఉన్నావా అక్కా?"

గడువు దాటిందని కూర్చోవద్దనీ, ఇప్పటికీ ఉపాయం ఉన్నదనీ, ఈ రోజే క్లినిక్‌కు వెళ్ళమనీ ఆమె వెంటనే రాసింది. ఆ జవాబును ఎవరూ తెరవలేదు. సెవ్వందిని పిలిచి నిన్నటి మాట ఏమిటని అడిగితే, "అది అయిపోయిందిలే అక్కా" అన్నది. రెండింటినీ కలిపి చూడవలెనని హేమకాంతికి తోచలేదు.

వానలు తగ్గిన తరువాత ఒకనాడు సెవ్వంది పెట్టె సర్దుకొని వచ్చింది. అప్పటికి వరుసలో గుసగుసలు మొదలైనవి. ఆమె కడుపుకు కారకుడైన మనిషి వేరే ఊరి కర్మాగారానికి మారిపోయినాడు. శిక్షణలో ఆమె స్థానం మరొకరికి దక్కింది.

"నాకొక్క మాట చెప్పకపోయావేమే?" అన్నది హేమకాంతి.

"ఫోనులో రోజా అక్క అని ఒకావిడ ఉండేదక్కా. ఆవిణ్ణి అడిగాను. రోజంతా చూశాను, పలకలేదు. వేళ మించిపోయిందని ఆ పేజీ తీసిపారేశాను." పెట్టె మూత నొక్కుతూ, "ఆవిడ తప్పేముందిలే. పున్నమి కదా. ఆవిడా నీలాగే విహారానికి వెళ్ళుంటుంది" అన్నది.

హేమకాంతి పాలన్నం మూట ఆమె చేతిలో పెట్టి, బస్సు వరకు పెట్టె మోసింది. ఆ రోజా అక్క తానేనని చెప్పలేదు.

"చెబితే నా బరువు దిగేది. దాన్ని కూడా ఆ పిల్ల మొయ్యాలా?" అని నాతో అన్నది.

సెవ్వంది మరల రాలేదు. ఆమెకు ఆడపిల్ల పుట్టినదని, ఊళ్ళో చేలో పనికి పోతున్నదని ఎవరో చెప్పగా విన్నాము.

పున్నమి వచ్చినప్పుడల్లా ఎదురింటి గుణవతి మల్లెపూల పళ్ళెంతో వచ్చి ఎత్తిపొడుస్తుంది. "ఏం హేమకాంతీ, ఈ నెల కూడా రావా? నిర్వాణం ఫోనులోనే దొరుకుతోందేమిటి?"

"మీరు వెళ్ళండక్కా. నాకు పనుంది."

విహారం నుండి భిక్షువుల పిరిత్ సూత్రపారాయణం వినవస్తుండగా ఆమె ఫోను ఒడిలో పెట్టుకొని గుమ్మంలోనే కూర్చుంటుంది. పున్నమినాడు సైతం రంగు వెలిసిన పూలగౌను తొడుక్కుంటున్నది గాని, ఆ తెల్లచీర కట్టుట లేదు. కట్టుకొన్నచో పిల్లలు అడగడానికి జంకుతారని ఆమె అభిప్రాయం.