బొమ్మ రాకముందే

మా అన్న పెనుకొండ బజారులో రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. మా నాయనది దూది ఏకి పరుపులు కుట్టే పని. ఆ దుమ్ముకే రొమ్ము చెడి త్వరగా పోయాడు. అన్న బడి మానేసి, దూది జోలికి పోకుండా, హిందూపురంలో ఒక మెకానిక్ దగ్గర పని నేర్చుకొని వచ్చి పరుపుల అంగడినే రేడియో అంగడి చేశాడు. తొంభైల మొదట్లో ఆ అంగడిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ధర్మవరం నేతగాళ్లు మగ్గం పక్కన పెట్టుకునే రేడియోలను సంచుల్లో వేసుకొని రైలెక్కి మరీ తెచ్చేవాళ్లు.

నేను డిగ్రీకి పెనుకొండ నుంచి హిందూపురానికి రోజూ ప్యాసింజరులో పోయివచ్చేదాన్ని. ఆడపిల్లకు ఫిజిక్సెందుకని చుట్టాలు నసిగితే అన్న ఒకటే మాట అన్నాడు. "విప్పేదానికి నేనుండా. అదెందుకట్ల అయ్యిందో చెప్పేదానికి ఇంట్లో ఇంకొకరు ఉండొద్దా?" దాంతో నోళ్లు మూతపడ్డాయి.

సాయంత్రాలు అంగడిలో కూర్చొని ఆయన పని చూసేదాన్ని. ఆయన విప్పని వస్తువు లేదు, ఒక్కటి తప్ప. సెట్టు లోపల నల్లగా, రెండు వైపులా కాళ్లతో ఉండే చిప్పును ఆయన జెర్రి అనేవాడు. అది పాడైతే బాగుచేయడమంటూ లేదు, పీకి పారేసి కొత్తది పెట్టాల్సిందే. అదే ఆయనకు కడుపుమంట. "లోపల ఏముండాదో తెలీకుండానే పారేస్తాండా పాపా. ఇదేం పని?" అనేవాడు.

తర్వాత నేను పరిశోధనకు బెంగళూరు పోయాను. గాలి లేని గదిలో లోహాన్ని ఆవిరి చేసి, గాజుపలక మీద కొద్ది పరమాణువుల మందాన పొరగా పేర్చడం, అంత పలచటి పొరలో కరెంటు ఎలా నడుస్తుందో కొలవడం నా పని. సెలవులకు వచ్చినప్పుడు ఇదంతా అన్నకు వివరిస్తే పడీ పడీ నవ్వాడు.

"కొండను తవ్వి ఎలుకను పట్టేదంటే ఇదే గదా పాపా! సరే, పట్టినంక ఆ ఎలుకను నాకొకసారి చూపీ."

"జెర్రి కడుపు కోసి చూపిస్తాలేన్నా," అన్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పరిశోధనంటే ఎప్పుడూ ఏదో ఒకటి కనిపెడుతూ ఉండడమని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నా వయసులో ఎక్కువ భాగం లీకులు వెతకడంలోనే పోయింది. గాలి ఎక్కడినుంచో దూరేది. లీకు దొరికిందనుకున్న రోజున కరెంటు పోయేది. అంగడి పక్కనున్న ఎస్‌టీడీ బూత్ నుంచి అన్న ఫోన్ చేసి, జ్వరం తగ్గిందా అని అడిగినట్టు, "లీకు దొరికిందా పాపా?" అని అడిగేవాడు. లేదంటే, "దొరుకుతాది, యాడికి పోతాది," అనేవాడు. ఆ మాటతోనే నేను మళ్లీ స్పానరు పట్టుకునేదాన్ని.

రెండువేల సంవత్సరం దాటాక అంగడి ఖాళీ అవుతూ వచ్చింది. సెట్టులోని విడి భాగాలన్నీ కరిగి ఒక్క జెర్రిలోకి చేరిపోయాయి. పాడైనదాన్ని బాగుచేయించడం కంటే కొత్తది కొనుక్కోవడం మేలని జనం అటే పోయారు. మేము ఇంకా చిన్నది చేశాం, ఇంకా పలచన చేశాం అని సెమినార్లలో చప్పట్లు కొట్టించుకున్న ఏండ్లలోనే మా అన్న చేతిలో పని లేకుండా పోయింది. ఎక్కడెక్కడి వాళ్లో చేసిన పని అది, నేనొక్కదాన్ని చేసింది కాదు. అయినా ఆ చప్పట్లు తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. అన్న నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు.

దానికి తోడు ఆయనకు షుగరు వచ్చింది. కండ్లెట్లున్నాయని అడిగితే "రవంత మసక, అంతే" అనేవాడు. ఆ మాట నమ్మాను.

మా ల్యాబుకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చింది, ఎవరో వాడి వదిలేసిన పాత యంత్రం. వెంటనే ఊరికి పోయి అన్నను వెంటబెట్టుకొచ్చాను. తాను బాగుచేయలేకపోయిన చివరి టీవీలోని జెర్రిని చొక్కా జేబులో వేసుకొని వచ్చాడు. బెంగళూరులో దిగగానే నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "ఈ జనంలో తప్పిపోతే మీ వదిన నిన్నే తంతాది," అన్నాడు. నేనూ నవ్వాను.

జెర్రి పైపెంకును ఆమ్లంలో కరిగించి యంత్రంలో పెట్టాను. గాలి తోడే పంపు మొదలైంది. అన్నను తెర ముందు కూర్చోబెట్టాను. గాలంతా పోయేదాకా తెర మీద ఏమీ రాదు. కాసేపటికి లోపల వాల్వు టక్కుమని తెరుచుకుంది. పాత టీవీలు కూడా అంతే, లోపల టక్కుమన్నాకే బొమ్మ వచ్చేది.

"వచ్చింది పాపా, బొమ్మ వచ్చింది!" అన్నాడు అన్న.

తెర నల్లగా ఉంది. నేనింకా స్విచ్చు వేయలేదు.

"అబ్బబ్బ, ఎంత సన్న గీతలు! ధర్మవరం మగ్గం మీద పడుగు మాదిరి ఉండాది." ఆయన చూపు తెరకు పైన, గోడ మీద ఉంది.

"అవున్నా," అన్నాను.

అప్పుడు స్విచ్చు వేశాను. బొమ్మ నిజంగానే వచ్చింది. పక్కపక్కనే సన్నటి గీతలు, పడుగు మాదిరే. అన్న అప్పటికే కుర్చీలోంచి లేచాడు. "చాల్లే పాపా, ఆపెయ్. కరెంటు దండగ," అన్నాడు.

పెనుకొండకు తిరిగి వచ్చిన సాయంత్రం వంటింట్లో వదిన గొంతు తగ్గించి అడిగింది. "నిజంగా చూసినాడా పాపా?"

"చూసినాడొదినా."

వదిన సంగటి కెలుకుతూనే ఉంది. "ఎవరడిగినా అట్లనే చెప్పు. ఏడాదిగా అన్నం తట్టలోకి చెయ్యి నేనే పట్టి పెడతాండా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. తెలిస్తే పని ఇడిసిపెట్టి ఈడికొచ్చి కూచుంటావంట."

బయట అరుగు మీద అన్న ఎవరికో చెబుతున్నాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టిందప్పా మా పాప. నా కండ్లతో నేను చూసినా." ఆ గొంతులో ఎంత సంతోషమో. వదిన మొహం కొంగుతో తుడుచుకుంది.

మర్నాడు పొద్దున ఇద్దరూ నన్ను రైలెక్కించడానికి వచ్చారు. వదిన ఆయన మోచెయ్యి పట్టుకొని ఉంది. రైలు కూత వేసి కదిలింది. అన్న నవ్వుతూ చెయ్యెత్తి ఊపాడు, నేనున్న పెట్టె వైపు కాదు, దాని ముందు పెట్టె వైపు. వదిన ఆయన చేతిని ఇటు తిప్పబోయి ఆగిపోయింది. నేను కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాను.