పొట్టి రాయి నిలబెట్టిన మేస్త్రి

మేస్త్రి పోయాడు. కూరెకుప్పలో కూతురింట్లో, పొద్దున రొట్టె తుంచుకుంటూ పక్కకు ఒరిగాడట. సండూరు రోడ్డు వేసిన మా గ్యాంగుకు ఆయనే మేస్త్రి. నేను ఆ గ్యాంగులో కంకర గంప మోసినదాన్ని. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే రాసేవారు రాస్తున్నారు. నా మాటను మెత్తగా మార్చితే ఊరుకోనని ముందే చెప్పాను.

చావుకు రోడ్డాఫీసు నుంచి ఒకే ఒక్క గుమాస్తా వచ్చాడు. శవం దగ్గర నిలబడి, "మంచి మనిషి, మెత్తని మనిషి" అన్నాడు. మెత్తనా? ఆ గుమాస్తా ఆయన్ను ఏనాడూ చూసి ఉండడు. మా మేస్త్రి నోరు తెరిస్తే తిట్టే. ఇన్నేళ్లు ఆయన కింద పనిచేశాను, బాగా చేశావన్న మాట ఒక్కసారి వినలేదు. పని నచ్చితే ఏమీ అనకుండా వెళ్లిపోయేవాడు. ఆయన అలా వెళ్లిపోవాలనే మేం ఎండలో చచ్చేవాళ్లం.

రోడ్డు వాటం చూడడానికి కడవతో నీళ్లు తెప్పించి నడుమ పోయించేవాడు. గొంతుకూర్చుని, ఒక కన్ను మూసి, అవి ఎటు పారతాయో చూసేవాడు. "సరిగ్గుండాదా మేస్త్రీ?" అని అడిగితే, "నన్నేంది అడిగేది, నీళ్లనడుగు" అనేవాడు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద ఖనిజం లారీలు తోలేవాళ్లు మహా తెలివైనవాళ్లు. కొండ మలుపులో రోడ్డు ఒక పక్కకు వాలి ఉంటుంది. "మీ మేస్త్రి తాగి ఏసినాడేమో అవ్వా, రోడ్డు పక్కకి పండుకోనుండాది" అని ఒకడు నా ముందే నవ్వాడు.

"అది కొండ దిక్కుకి వాలిండాది గాబట్టే నువ్వు లోయలో పడకుండా ఈడ నిలబడి పండ్లికిలిస్తాండావు" అన్నాను.

అంతకంటే ఎక్కువ నవ్వు వంక దగ్గర. అక్కడ వంతెన లేదు. రోడ్డే కిందికి దిగి, రాతి పరుపు మీదుగా వంక దాటి, అవతలి గట్టు ఎక్కుతుంది. కొండల్లో వాన పడితే నీళ్లు రోడ్డు మీదుగానే పారతాయి. అంచు తెలియడానికి రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్లు, రొమ్మెత్తువి. వాటి నడుమ ఒక్కటి మాత్రం పొట్టిది. అది నా మోకాలికి కాస్త పైదాకా వస్తుంది. రావడమేమిటి, అది నా కొలతే.

పరుపు వేసిన ఏడాది వంక పారుతుంటే మేస్త్రి నన్ను పిలిచాడు. "ఏమ్మే పొట్టిదానా, గంపెత్తుకొని దిగు."

"నీ పెండ్లాన్ని దించుకోపో!"

"నిన్ననే దించినా. అది మొండిది, నీళ్లు తొడల దాకా వచ్చినా కదల్లేదు. అట్లాదాంతో కొలత తెలీదు. గ్యాంగులో నీకంటే పొట్టిది, నీకంటే ముసల్ది లేదు. నువ్వు నిలబడే నీళ్లలో ఎవరైనా నిలబడతారు."

తిట్టుకుంటూనే దిగాను. ఆయన గట్టున నా మొహం వైపు కాదు, గంప వైపు చూస్తూ కూర్చున్నాడు. నీళ్లు మోకాలు దాటాయి. గంప ఊగింది. "సాకు, ఇంక చాలు, పైకి రా!" అని అరిచి, తానే దిగి నా చెయ్యి పట్టి లాగాడు. గంప ఊగినప్పుడు నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో అక్కడికి రాయి తల వచ్చేటట్టు నిలబెట్టించాడు. అది మునిగితే మనిషైనా బండైనా ఆగాలి. అది చూసి ఆగి బతికినవాళ్లు ఈ తాలూకాలో ఎందరో. ఒక్కడూ ఆయన ఇంటి గడప తొక్కలేదు.

పని ముగిశాక రోడ్డాఫీసు పెద్ద దొర జీపులో వచ్చాడు. బూట్లు తడవకుండా గట్టు మీదే నిలబడి, "యాకప్పా, ఆ రాయి ఎందుకు పొట్టిగుండాది? కొలత తప్పినావా?" అన్నాడు.

"తప్పిండాది దొరా. పీకితే పరుపు పగుల్తాది, ఉండనియ్యి" అన్నాడు మా మేస్త్రి.

దొర రాసుకుని పోయాడు. నాకు ఒళ్లు మండింది. "అబద్ధమెందుకు చెప్పినావు?" అన్నాను.

"గంప మోసేదాని మోకాలి కొలతంటే రేపే పీకిస్తాడు. తప్పంటే రాసుకొని పోతాడు. వాళ్లకి రాసుకునేదానికి ఒక తప్పు కావల్ల, ఇచ్చినా."

ఆ రాత వల్లే ఆయన పెద్ద మేస్త్రి కాలేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నా ఒంటి కొలత సర్కారు రోడ్డు మీద నిలబడిందంటే ఆయన వల్లే. నాకు ఇంకెవరూ అంత మర్యాద చేయలేదు.

ఆయన పోయి వారం తిరగలేదు, కొత్త ఓవర్సీరు నలుగురు మనుషుల్ని, గడ్డపారల్ని తెచ్చాడు, రాయి పీకడానికి. నేను పోయి అడ్డం నిలబడ్డాను.

"కాగితంలో తప్పని రాసుండాది అవ్వా. మేస్త్రే ఒప్పుకున్నాడంట."

"మీకు బుద్ధి లేదని తెలిసి ఒప్పుకున్నాడు."

"సుమ్నిరు అవ్వా, ఊరుకో! అన్ని రాళ్లూ ఒకే ఎత్తుండల్ల."

ఒక మనిషి గడ్డపార ఎత్తాడు. మా నెత్తిన ఎండే. కానీ కొండలు నల్లబడి ఉన్నాయి, ఈ ఓవర్సీరు వాటి వైపు చూసినవాడు కాదు. అంతలోనే వంకలోకి ఎర్రనీళ్లు వచ్చేశాయి. అందరూ గట్టెక్కారు. చూస్తుండగానే పొట్టి రాయి మునిగింది.

ఒక ఖనిజం లారీ వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. ఓవర్సీరుకు అవతల సండూరులో పని ఉందట. "నీది పెద్ద బండి కదప్పా, ముందు నువ్వు పో. నీ ఎనక నా జీపు వస్తాది" అన్నాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "పొట్టిది మునిగిండాది, కనబడ్లేదా సార్? యాడికి పోయేది?"

ఓవర్సీరు నా వైపు చూశాడు. ఆయన గడ్డపారలు జీపులో పెట్టించి, గట్టు మీద గొంతుకూర్చున్నాడు. నీళ్లలోంచి ఆ తెల్లని తల ఎప్పుడు బయటపడుతుందా అని, రెప్ప వేయకుండా చూస్తూ.