ఏసీ వెనక వసారా

మా అమ్మకు వరసగా రెండు ఎండాకాలాలు వడదెబ్బ తగిలింది. రెండోసారి అమలాపురంలో డాక్టరు గారు సెలైను ఎక్కించి, ఇంటికి పంపేముందు నాన్నగారిని పక్కకు పిలిచారు. మూడోసారి ఇలా పడిపోతే తన చేతిలో ఏమీ ఉండకపోవచ్చనీ, వచ్చే వేసవిలో ఆవిడను ఎలాగైనా చల్లని చోట ఉంచమనీ చెప్పారు. నాన్నగారు రిటైరైన హెడ్మాష్టారు. విన్నది విన్నట్టు, కామా కూడా పోకుండా, మస్కట్‌లో ఉన్న అన్నయ్యకు ఉత్తరం రాశారు. జవాబు క్యాసెట్ మీద వచ్చింది. ఎనభైల్లో గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది ఉత్తరాలు మానేసి, క్యాసెట్లో మాట్లాడి పంపేవారు. టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని విన్నాం. పేరుపేరునా అందరి క్షేమమూ అడిగాక అన్నయ్య అసలు సంగతి చెప్పాడు.

"అమ్మకి ఏసీ పంపుతున్నానండి నాన్నగారూ. అమ్మ గదిలో పెట్టించండి."

అమ్మ గది ఏది అన్న ప్రశ్న మాకు అప్పుడే మొదటిసారి వచ్చింది. మా ఇంటికి మూడు గదులు. ఒకటి నాన్నగారిదీ ఆయన పుస్తకాలదీ. రెండోది నాదీ మా ఆవిడదీ. మధ్యలో ఉన్నది హాలు. అమ్మ రాత్రిళ్ళు హాల్లో మడతమంచం వేసుకుని పడుకునేది. తెల్లవారుజామున మంచం మడిచి గోడకు ఆనించి, వెనక వసారాలోకి వెళ్ళిపోయేది. పొయ్యి అక్కడే, రుబ్బురోలు అక్కడే, నుయ్యి అక్కడికి నాలుగడుగులు. ముప్పై ఏళ్ళుగా ఉంటున్న ఇంట్లో ఆవిడకు గది లేదన్న విషయం మస్కట్ నుంచి ఒకడు చెబితే తప్ప మాకు తెలియలేదు. తెలిశాక కూడా పెద్ద బాధేం కలగలేదు. పడుకునేది హాల్లో కాబట్టి హాలే అమ్మ గది అని నాన్నగారు తీర్మానించారు. నేను బలపరిచాను.

నేను అప్పుడు పి.గన్నవరం దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాష్టారిని. ఈ సంగతి గుర్తుంచుకోండి. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మార్చిలో ఏసీ వచ్చింది. లారీలో అమలాపురం దాకా, అక్కడి నుంచి మా ఊరికి ట్రాక్టరు మీద. అట్టపెట్టె మీద బాణం గుర్తు వేసి ఇటు పైకి ఉండాలని ఇంగ్లీషులో రాసి ఉంది. దింపినవాళ్ళు దాన్ని పక్కకు పడుకోబెట్టారు. కొబ్బరికాయల దింపుకి వచ్చే నలుగురు మనుషులు వెదురుబొంగుకి తాళ్ళు కట్టి పెట్టెను మోశారు. అంత బరువైన వస్తువులోంచి గాలి వస్తుందంటే వాళ్ళు నమ్మలేదు. పెట్టెలోని థర్మోకోల్ కోసం సండేస్కూలు పిల్లలు వచ్చి, క్రిస్మస్‌కి నక్షత్రాలు చేసుకుంటామని ముందే మాట తీసుకుని వెళ్ళారు.

దాన్ని బిగించడానికి రాజమండ్రి నుంచి మెకానిక్కుని పిలిపించాం. బ్యాంకుల్లోనూ సినిమా హాల్లోనూ ఏసీల రిపేర్లు చూసే మనిషి. ఇది కిటికీ ఏసీ అనీ, ముఖం గదిలోనూ వీపు ఆరుబయటా ఉండాలనీ చెప్పాడు. హాలుకి అటూ ఇటూ గదులు కాబట్టి మిగిలినవి రెండే గోడలు, వీధివైపుదీ వసారావైపుదీ. వీధివైపు కిటికీ ఒకటి తీసేసి అక్కడ పెడితే పని సులువన్నాడు. నాన్నగారు ఒప్పుకోలేదు. వీధి అరుగు మీద పాస్టరు గారు కూర్చుంటారు, సొసైటీ ప్రెసిడెంటు గారు కూర్చుంటారు. వాళ్ళ మీదికి వేడిగాలి వదలడం మర్యాద కాదు. పైగా అక్కడ పెడితే గుమ్మంలోంచి వచ్చేవాళ్ళకు ఏసీ కనబడదు. ఎదురుగోడకైతే లోపలికి అడుగుపెట్టగానే కనబడుతుంది, గాలి కూడా ఎదురొచ్చి తగులుతుంది.

మెకానిక్కు వసారాలోకి వెళ్ళి చూసి వచ్చాడు. "ఎనకాల బాగా వేడొస్తాదండి. అక్కడ మనుషులు ఉంటారాండీ?"

"ఎవరూ ఉండరండీ. మా ఇంటావిడే ఉంటాది" అన్నారు నాన్నగారు.

"ఆయ్, అయితే పర్లేదండి" అన్నాడతను.

నేను పక్కనే ఉన్నాను. ఆ మాటలో తప్పేమీ నాకు వినబడలేదు. అమ్మ కూడా వింది. ఆవిడకూ వినబడలేదు. మెకానిక్కుకి మజ్జిగ కలపడానికి వెళ్ళింది.

తాపీ మేస్త్రి గోడకు కన్నం కొట్టాడు. వడ్రంగి పనసచెక్కతో చట్రం చేశాడు. నీళ్ళు గదిలోకి కాకుండా బయటికి కారాలని మెకానిక్కు మిషన్ని వెనక్కి రవంత వాల్చి కూర్చోబెట్టాడు. చట్రం చుట్టూ సందుల్లో కూరడానికి స్పాంజి కావాలన్నాడు. కోనసీమలో స్పాంజి ఎక్కడ తేవడం, కొబ్బరిపీచు కూరాం. అది స్పాంజికన్నా నయమని అతనే ఒప్పుకున్నాడు. మా ఊరి కరెంటు సంగతి తెలుసు కాబట్టి స్టెబిలైజరు తనే తెచ్చాడు. దాని ముల్లు ఒక గీత దాటితేనే ఏసీ వెయ్యాలనీ, ఆపాక మూడు నిమిషాలు ఆగి గానీ మళ్ళీ వెయ్యకూడదనీ మూడుసార్లు చెప్పాడు. నాన్నగారు కాగితం మీద రాసి స్విచ్చి పక్కన అంటించారు.

కొత్త వస్తువు ఏదొచ్చినా మా ఇళ్ళలో ప్రార్థన చేయించకుండా వాడరు. కుట్టుమిషనుకి చేయించాం, సైకిలుకి చేయించాం. ఏసీకి పాస్టరు గారు సాయంత్రం వస్తామన్నారు గానీ, సాయంత్రం వోల్టేజి ఉండదని నాన్నగారు మధ్యాహ్నం పెట్టించారు. హాల్లో నలభై మంది చాపల మీద కూర్చున్నారు. తలుపులు మూస్తే తప్ప చల్లబడదని మెకానిక్కు పట్టుబట్టాడు. పట్టపగలు, అందులోనూ చుట్టాలు ఉండగా తలుపు వేసుకోవడం మాకు అలవాటు లేదు. నాన్నగారు ప్రతి ఒక్కరికీ క్షమాపణ చెప్పుకుంటూ మూశారు. పాస్టరు గారు ఈ గృహమందున్న తల్లిగారి ఆరోగ్యము నిమిత్తము పంపబడిన ఈ యంత్రమును ఆశీర్వదించమని చాలాసేపు వేడుకున్నారు. ఆ తల్లిగారు వసారాలో నలభై మందికి కాఫీ కాస్తోంది.

మెకానిక్కు మీట తిప్పాడు. ముందు ఫ్యాను తిరిగింది. కాసేపటికి లోపలేదో బరువైనది కదిలినట్టు చప్పుడై, లైటు మసకబారి మళ్ళీ వెలిగింది. నలభై మంది చెమట మీద గది చల్లబడడానికి పావుగంట పట్టింది. తర్వాత ముందు వరసలో కూర్చున్న సంఘపెద్ద కండువా తీసి భుజాల నిండా కప్పుకున్నాడు. అందరూ నవ్వారు. నేను లేచి అది ఎలా పని చేస్తుందో వివరించాను. చల్లదనం అనేది పుట్టదండీ, గదిలో ఉన్న వేడిని తీసి అవతల పారేస్తే మిగిలేదే చల్లదనం అన్నాను. సైన్సు మాష్టారంటే అలా చెప్పాలని మెచ్చుకున్నారు.

తర్వాత నెలన్నర మా ఇంటికి జనం ఆగలేదు. రావులపాలెం అవతలి నుంచి కూడా వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ నేను ఆ పాఠం చెప్పాను. ఏసీ పగటిపూటే నడిచేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ నుంచి స్టెబిలైజరు ముల్లు గీత దగ్గరికి కూడా వచ్చేది కాదు. పగలు కూడా ఎవరూ లేనప్పుడు నాన్నగారు ఆపేసేవారు, మిషను అరిగిపోతుందని. ఎవరూ లేకపోవడం అంటే చుట్టాలు లేకపోవడం. చుట్టాలు ఉన్నప్పుడు అమ్మ హాల్లోకి రాదు. నాన్నగారి ఎదుట నలుగురు మగాళ్ళు కూర్చుంటే గుమ్మం దాటి రావడం ఆవిడకు పెళ్ళైనప్పటి నుంచీ లేదు. వసారా తలుపు సందులోంచి కాఫీ పళ్ళెం అందిస్తే మా ఆవిడ అందుకుని, చల్లదనం పోకుండా చప్పున మూసేది. పాపం ఒకటి రెండుసార్లు మా ఆవిడే అడిగింది, అత్తయ్యగారు కూడా కాసేపు కూర్చుంటే బాగుంటుంది కదండీ అని. ఎండలు ముదరనియ్యి, మేలో ఎలాగూ కూర్చుంటుంది అన్నాను.

ఆ వైపు నుంచి అమ్మకు తెలిసిన ఏసీ వేరు. పొయ్యికి మూడు గజాల దూరంలో, ఆవిడ నెత్తికి కాస్త పైన, గోడలోంచి ఒక రేకు డబ్బా పొడుచుకొచ్చి రోజుకి ఐదారు గంటలు వేడిగాలి కొట్టేది. దానికింద కారే నీళ్ళకి బకెట్టు పెట్టి కరివేపాకు మొక్కకు పోసేది. గాలి దండగ చెయ్యడం ఎందుకని దాని ఎదుట తాడు కట్టి బట్టలు ఆరేసింది. చాటల్లో వడియాలు పెట్టింది. ఏప్రిల్లో అన్నయ్యకు క్యాసెట్ నింపుతూ అమ్మను కూడా మాట్లాడమన్నాం. ఆవిడ టేప్‌రికార్డరుకి దగ్గరగా వంగి, "మిషను బాగా పనిచేస్తంది నాయనా. వడియాలు ఒక్క పూటలో ఎండిపోతన్నాయి" అంది. మేమంతా పడీపడీ నవ్వాం. ఆ నవ్వు కూడా క్యాసెట్లో ఎక్కింది. స్టాఫ్‌రూంలో ఈ ముక్క నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మే నెలాఖర్లో కామందు గారు వస్తామని కబురంపారు. దీని గురించి కొంచెం చెప్పాలి. మా తాత ఆయన తండ్రి దగ్గర పాలేరు. నాన్నగారు చిన్నప్పుడు తాతకి అన్నం పట్టుకెళ్ళి, వాళ్ళ అరుగు కింద నిలబడి పిలిచేవారట. చదువుకుని మాష్టారై, ఆయన మనవల చేత అక్షరాలు దిద్దించారు. అయినా ఆ పెద్దాయన మా గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. దారిలో కనబడితే గొడుగు ఆపి బాగున్నారా మేష్టారూ అనేవారు, అంతవరకే. ఇప్పుడు ఏసీ చూడ్డానికి వస్తామన్నారు. నాన్నగారు ఒకటికి మూడుసార్లు వెళ్ళి, ఫలహారం మా ఇంట్లోనే చెయ్యాలని అడిగారు. ఆయన సరేనన్నారు. ఆ రోజు పొద్దున్న నాన్నగారు రెండుసార్లు గడ్డం గీసుకున్నారు. ఆయన్ని చూసి నవ్వబుద్ధి కాలేదు నాకు.

రోహిణి కార్తె ఎండ. ఆయన వచ్చేసరికి హాలు మంచులా ఉండాలని పది గంటలకే ఏసీ వేశారు. ఆయన రెండింటికి వచ్చారు. అమ్మ పొద్దుట్నుంచీ గారెలకు రుబ్బి, పాయసం కాచి, నూనె మూకుడు ముందు కూర్చుంది. వేడివేడిగా వెయ్యాలని, ఆయన కూర్చున్నాకే గారెలు మొదలెట్టమన్నారు నాన్నగారు.

కామందు గారు ఏసీకి ఎదురుగా ఉన్న పడక్కుర్చీలో కూర్చుని, చొక్కా బొత్తాలు రెండు విప్పుకుని, కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి హాయిగా ఉందండీ అన్నారు. నాన్నగారి ముఖం నేను చూడలేకపోయాను, అంత సంతోషం. మా ఆవిడ మొదటి వాయి గారెలు తెచ్చి పెట్టింది. ఆయన తిన్నారు. నేను పాఠం మొదలెట్టాను. ఆయన శ్రద్ధగా విని, మంచి స్టూడెంటు అడిగినట్టు అడిగారు.

"ఆ వేడంతా ఎనక్కి పోతాదన్నారు కదండీ మేష్టారూ. ఎనకాల ఎవరికీ ఇబ్బంది లేదు కదండీ?"

"లేదండి. అక్కడెవరూ ఉండరండి" అన్నాను.

రెండో వాయి రాలేదు. నాన్నగారు వసారా తలుపు వైపు రెండుసార్లు చూశారు. పీచు సందుల్లోంచి మాడిన వాసన వస్తోంది. ఇవాళే మాడ్చాలా అని విసుక్కుంటూ నేను లేచి తలుపు తీశాను. ముఖం మీద కొట్టిన ఆ గాలికి ఒక అడుగు వెనక్కి వేశాను. రెండు నెలల్లో నేను ఆ తలుపు దాటింది, ఆ మిషను నడిచేటప్పుడు దాటింది, అదే మొదటిసారి. మూకుడులో గారెలు నల్లగా అయిపోయాయి. అమ్మ గోడకు జారబడి, ఆ డబ్బా కింద, మెడ ఒక పక్కకు వాల్చి ఉంది. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలింది. చెమట లేదు.

నేను కేకేశాను. నాన్నగారు వచ్చి తల దగ్గర పట్టుకున్నారు. నేను నడుం దగ్గర ఉన్నాను, కాళ్ళ దగ్గర ఎవరో పట్టుకుంటే మా ఆవిడే అనుకున్నాను. కాళ్ళు పట్టుకున్నది కామందు గారు. హాల్లోకి తెచ్చి మడతమంచం మీద పడుకోబెట్టి తడిగుడ్డలు వేశాం. తన మనిషిని పంపి డాక్టర్ని పిలిపిస్తానని ఆయన చెప్పి, బయటికెళ్ళి, వీధి తలుపు ఆయనే దగ్గరగా వేశారు. డాక్టరు వచ్చేదాకా ఎండలో గొడుగు వేసుకుని మెట్ల దగ్గరే నిలబడ్డారట. నాన్నగారు అమ్మ అరికాళ్ళు రుద్దుతూ ఏడ్చారు. అటు నేనే పెట్టించాను, అక్కడెవరూ ఉండరని నేనే అన్నాను అంటూ అదే మాట పదేపదే అన్నారు. నాకు ఏడవడానికి కూడా ముఖం లేదు. మీట తిప్పి చల్లదనం ఎక్కువ చేశాను. నాకు తెలిసిన సైన్సు అంతవరకే.

సెలైను సగం ఎక్కాక అమ్మ కళ్ళు తెరిచింది. కాసేపు పైకప్పు చూసింది. తర్వాత ఎదుట ఉన్న ఏసీని చూసింది. అది నడుస్తుండగా దాని ముఖం ఆవిడ చూడడం అదే మొదలు. సెలైను సూది లేని చెయ్యి నెమ్మదిగా ఎత్తి, గాలికి అడ్డంగా పెట్టి, వేళ్ళు విప్పింది. అలాగే ఉంచింది.

"ఇటేపు ఇంత చల్లగా ఉంటాదేంట్రా?" అంది నాకేసి తిరిగి. "నాకెవరూ చెప్పలేదే."

కోపంతో అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఊళ్ళో ఆ మిషను గురించి నేను చెప్పకుండా వదిలిన మనిషి ఆవిడ ఒక్కతే.