జాన్‌బీ కుట్టిన కొండ సంచులు

మా వీధిలో జాన్‌బీ కుట్టుమిషను చప్పుడు వినపడలేదంటే అది పండగ రోజే అయి ఉండాలి. ఆమె పుట్టింది రేపల్లె అవతల పెనుమూడిలో. తెనాలిలో షామియానాలు కుట్టే నన్నే సాహెబ్ అనే అతన్ని పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. కొత్తలో గుడ్డ చివర పట్టుకోవడానికి మాత్రమే ఆమెను పిలిచేవారు. పోనుపోను మందపు గుడ్డ మీద సూది విరగకుండా కుట్టడంలో సాహెబ్‌నే మించిపోయింది.

ఆ ఇంట్లో అత్తగారు పెట్టిన అలవాటు ఒకటి ఉండేది. వానాకాలంలో మట్టి నేలలోంచి చెదలు లేస్తాయి. అందుకని గుడ్డ తాను దించే ముందు నేల మీద తెల్లటి చెదల పొడి చల్లి, తాను మీద వేపాకు పరిచేవారు. వీధిలో మిగతా ఇళ్ళలోనూ అంతే. మా బియ్యం బస్తాల చుట్టూ నేనూ ఆ పొడి గీత గీసేదాన్ని.

రెండువేల ఆరులో చీరాల బట్టల వ్యాపారి దుర్గాప్రసాద్ ఆమెకు కొత్త పని తెచ్చాడు. పరాయి దేశాల్లో సరదాకి కొండలెక్కేవాళ్ళు వీపున తగిలించుకునే కాన్వాసు సంచులవి. గుడ్డ చీరాలలో నేస్తారు, అక్కడే బ్రహ్మయ్య రంగు వేస్తాడు, కుట్టు జాన్‌బీది. మద్రాసు కంపెనీ వాటిని ఓడ ఎక్కిస్తుంది. ముందు కొన్ని సంచులు పరీక్షకు పంపారు. అవి నెగ్గితే ఏడాది పొడవునా పని దొరుకుతుంది. పెళ్ళిళ్ళు లేని నెలల్లో షామియానాల పని ఉండదు కాబట్టి ఆ ఇంటికి అది పెద్ద ఆసరా.

దుర్గాప్రసాద్ మోటారుసైకిలు వాళ్ళ గుమ్మంలో ఆగడం చూసి, పచ్చడి గిన్నె ఒకటి వంక పెట్టుకుని నేనూ వెళ్ళాను.

"సంచులు తిరిగొచ్చాయి అక్కా," అన్నాడతను.

"కుట్టు ఊడిందా తమ్ముడూ?"

"కుట్టుకి వంక పెట్టలేదు. గుడ్డలో విషం ఉందంట. ఒంటికి తగిలే సరుకులో ఏ మందు ఎంతకు మించకూడదో అక్కడ చట్టం రాసి పెట్టుకున్నారు. ల్యాబులో పట్టేశారు."

నేను ఊరుకోలేకపోయాను. "సంచిని కొరుక్కు తింటారా ఏంటయ్యా?"

"తినరు పెద్దమ్మా. వానకి తడుస్తుంది, చెమట పడుతుంది. వీపుకి అంటదా?" అని జాన్‌బీ వైపు తిరిగాడు. "ఇది బ్రహ్మయ్య పనే. రంగు తొట్టిలో ఏం కలిపాడో ఏమో. ఇక గుడ్డ ఇవ్వనని అతనికి నిన్ననే చెప్పేశా. వేరే చోట రంగేయించి మళ్ళీ పంపుదాం. మీ పనికేం ఢోకా లేదక్కా."

"ఆ విషం పేరేంటి?"

అతను జేబులోంచి కాగితం తీసి ఏదో ఇంగ్లీషు పేరు చదివాడు. జాన్‌బీకీ, సాహెబ్‌కీ, నాకూ అర్థం కాలేదు.

"చెదలకి చల్లుతారు చూడండి, తెల్లపొడి, అదే. మన దేశంలోనూ ఆపేసి చాన్నాళ్ళయిందంట."

"ఆపేస్తే కొట్లో పొట్లాం కట్టి ఎలా ఇస్తున్నారయ్యా?" అన్నాను.

"అది కూడా నన్నే అడిగితే ఎలాగండి పెద్దమ్మా?"

గుమ్మంలో దారం ఉండ చుట్టుకుంటున్న నన్నే సాహెబ్ పెళ్ళాం వంక చూసి, మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. జాన్‌బీ లేచి వెళ్ళి, మూలనున్న తానును పక్కకు దొర్లించింది. కింద నేలంతా తెల్లగా ఉంది.

"బ్రహ్మయ్య ఏమీ కలపలేదు తమ్ముడూ. నేనే చల్లా."

"ఎందుకక్కా?"

"నీ గుడ్డ చెద పట్టకూడదని. పరాయి సొమ్ము కదా అని మా షామియానాలకి చల్లేదానికన్నా రెండు పిడికిళ్ళు ఎక్కువే చల్లా."

దుర్గాప్రసాద్ మిగిలిన గుడ్డంతా రిక్షాలో వేయించుకుని పోయాడు.

అతను వీధి మలుపు తిరిగాక సాహెబ్ నోరు విప్పాడు. "ఇకనుంచి చల్లకుండా ఉంటే సరిపోయేది. ఎవరికి తెలిసేది?"

"సరిపోయేదే. మరి బ్రహ్మయ్యకి గుడ్డ ఎవరిస్తారు, మీరిస్తారా?" అంది జాన్‌బీ.

ఆ మర్నాడు నేను కొట్టుకి వెళ్ళి, చెదల పొడి ఉందా అని ఊరికే అడిగి చూశాను. ఎన్ని పొట్లాలు కావాలన్నాడు కొట్టతను.

బ్రహ్మయ్యకు పని తిరిగి వచ్చింది. జాన్‌బీ మాత్రం వానలు వెళ్ళేదాకా ఖాళీగా ఉంది. ఇళ్ళలో కుట్టిన సరుకు ఇక తీసుకోబోమని మద్రాసు కంపెనీ తేల్చి చెప్పింది. దుర్గాప్రసాద్ బాపట్లలో సిమెంటు నేల ఉన్న షెడ్డొకటి అద్దెకు తీసుకుని, కూలికి వస్తావా అని కబురు చేశాడు. సొంత మిషను మీద కుట్టుకుంటూ, పెళ్ళిళ్ళ రోజుల్లో తన చేతికింద ఇద్దరిని పెట్టుకుని కుట్టించిన మనిషి ఆమె. అయినా వెళ్ళింది. రోజూ పొద్దున పాసింజరు రైలుకి పోయి, దీపాలు పెట్టే వేళకి తిరిగి వచ్చేది.

"ఒకరి కింద చేయడం కష్టంగా లేదటే?" అని అడిగాను ఒకరోజు వాళ్ళ గుమ్మంలో.

"ఎందుకుండదు పిన్నిగారూ? మంచినీళ్ళకి లేవాలన్నా చెప్పి లేవాలి," అంది. చెప్పులు విప్పి, లోపల పొయ్యి దగ్గరున్న సాహెబ్ వైపు తొంగి చూసింది. "ఏమండీ, అన్నం వార్చారా? మళ్ళీ మాడబెట్టారా?"