దాచిన పాలపన్ను
మా పాపకు ముందరి పాలపన్ను ఊడి ఏడాది దాటినా కొత్తది రాలేదు. మా అత్తకు నా మీదే అనుమానం. "పన్ను పేడలో పెట్టి మిద్దె మీదికి ఇసిరినావా లేదా? నిజం చెప్పు" అని రోజూ నిలదీసేది. "ఇసిరినా అంటాండా కదత్తా!" అని నేనూ రోజూ కసిరేదాన్ని.

చివరికి కర్నూలులో పళ్ల డాక్టరుకు చూపించాం. ఆయన ఎక్స్‌రే తీసి, "పన్ను లోపల బాగానే ఉండాదమ్మా. కొందరికి ఆలస్యమవుతాది" అన్నాడు. ఆ నల్ల ఫిల్ములో నాకు తెల్ల మచ్చలే కనిపించాయి. అసలది మా పాపదేనని నమ్మకమేమిటి?

ఇంటికొచ్చాక, అత్త మధ్యాహ్నం కునుకు తీసేదాకా ఆగాను. బీరువాలో చీరల కింద ముచ్చటపడి దాచుకున్న పాలపన్నును తీసి, పక్కింటి నుంచి తెచ్చిన పేడలో పెట్టి, మిద్దె మీదికి విసిరాను.