తెల్ల తెరచాప

మా తోడల్లుడు దొరల పడవ కొన్నాడన్న కబురు వినంగానే నా కడుపు భగ్గుమనింది. దాచేదేముంది, కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

నేను పులికాట్ సరస్సు ఒడ్డున పుట్టి పెరిగినోణ్ణి, మా మామ ఇంటికి పెద్దల్లుణ్ణి. వాడు నా పెళ్లాం చెల్లెలి మొగుడు. మద్రాసు హార్బరులో మేస్త్రీ. దేశం విడిచిపోతున్న దొర దగ్గర పాత షికారు పడవ కొని తెచ్చినాడు. టేకు చెక్క, ఇత్తడి కొక్కేలు, మల్లెపువ్వులాంటి తెరచాప. మా మామకు చూపు ఆనదు. పడవనంతా చేత్తో తడిమి, "అల్లుడంటే వీడబ్బా!" అన్నాడు. పదేళ్లుగా ఆయన ఇంటికి చేపలు మోసింది నేను!

వాడేమో "అన్నా, అన్నా" అని నన్ను వదిలేవాడు కాదు. ఒకనాడు ఒడ్డున ఒంటరిగా దొరికించుకుని అడిగినాడు. "అన్నా, మీ తెరచాపలన్నీ ఎర్రగా ఉంటాయే, నా దానికి కూడా ఏమన్నా పట్టించాలా?"

నూలు తెరకు మేం తుమ్మచెక్క కషాయం పట్టిస్తాం. లేకుంటే ఒక్క వానాకాలానికే మురిగిపోతుంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది.

"ఎందుకబ్బా, తెల్లగా ఉంటేనే అందం," అన్నాను.

వానలు వెలిసేసరికి ఆ గుడ్డ మీద నల్లమచ్చలు లేచినాయి. నాకెంత సంబరమో! ఊరందరి ముందర అది పర్రుమని చిరగాలి, మామ మొహం మాడిపోవాలి. ఎంతమంది దేవుళ్లకు మొక్కినానో.

ఒక ఆదివారం ఊరంతా ఒడ్డున చేరింది. వాడు పెళ్లాన్ని ఎక్కించుకున్నాడు. నా పెళ్లాం కూడా చీర ఎత్తిపట్టి నీళ్లలో దిగింది. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నువ్వొద్దు."

"ఎందుకంట?"

ఏం చెప్పేది? చెబితే నా బతుకు బయటపడుతుంది.

"మా చెల్లెలి పడవ చూసి ఏడుస్తా ఉండావు," అని నవ్వి, చెయ్యి విడిపించుకుని ఎక్కింది.

సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర గాలి ఎక్కువైంది. తెర నిలువునా చిరిగింది. పడవ సముద్రం వైపు కొట్టుకుపోతా ఉంటే అక్కాచెల్లెళ్ల కేకలు ఒడ్డుకు వినబడినాయి. నా అతుకుల పడవ ఎట్ట తోసినానో, ఎట్ట చేరినానో నాకే తెలియదు. ముగ్గురినీ ఎక్కించుకుని, దొర పడవకు తాడు కట్టి లాక్కొచ్చినాను.

ఒడ్డున మామ ఆ చిరుగు గుడ్డ వేళ్లతో నలిపినాడు. పొడిపొడిగా రాలింది.

"కషాయం పెట్టలేదా? ఎవురు చెప్పినార్రా నీకు, ఇట్టనే కట్టమని?"

తోడల్లుడు నా వైపు ఒక్కసారి చూసినాడు.

"ఎవురూ చెప్పలేదు మామా. నాకే తెలియలా."

నా పెళ్లాం తడిసిన చీర పిండుకుంటా ఉన్నది ఆగిపోయింది. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"నా చెయ్యి ఎందుకు పట్టుకున్నావో ఇప్పుడు చెప్పు."