చల్లబడిన జీపు

డోర్నకల్‌లో మెకానిక్ శామ్యూల్ కొనేవాళ్ల కోసం ఏ పాత బండి చూసినా, ముందు గ్రీజు పట్టిన అరచేతిని జ్వరం చూసినట్లు బానెట్ మీద ఆనిస్తాడు. వేడిగా ఉంటే రేడియేటర్ మూత తియ్యడు. "జర సల్లబడనీ," అని బీడీ ముట్టిస్తాడు. అమ్మేవాళ్లకు అంత ఓపిక ఉండదు. ఎడ్లను అమ్మి జీపు కొందామని తండా నుంచి వచ్చిన దస్రుకీ లేదు. కానీ ఆ పొద్దున తెలంగాణ కావాలని జనం షెడ్డు ముందే రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పుకు దిగారు. దస్రు విసుక్కున్నాడు. దారి మూసుకుపోయి, అమ్మేవాడు వేడి మీద తెచ్చిన జీపు షెడ్డులోంచి కదల్లేదు.

మధ్యాహ్నానికి ఇంజన్ చల్లబడింది. శామ్యూల్ మూత తీసి స్టార్ట్ చేయించాడు. నీళ్లలో బుడగలు ఆగకుండా పొంగాయి. ఆయిల్ మట్టం చూసే పుల్ల బయటికి లాగితే మజ్జిగలాంటి తెల్లటి జిగురు.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది తమ్మీ. నీళ్లు ఆయిల్ల కలుస్తున్నయ్."

అమ్మేవాడు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. దస్రు చేతులు జోడించాడు.

"నా ఎడ్లు నాకు దక్కినయ్ అన్నా."

"నేనేం జేసిన? బండిని సల్లబెట్టింది ఆళ్లు," అంటూ శామ్యూల్ రోడ్డువైపు చూపించాడు.

దస్రు వెళ్లి ఆ జనంలో కూర్చున్నాడు. పొగకు కళ్లు నులుముకుంటూ, ఆరిపోతున్న పొయ్యిలోకి కట్టెలు ఎగదోశాడు.